జన్యువు ‘పలికింది’ అనొచ్చా?

ప్రశ్న:
హిమోగ్లోబిన్ మీద ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నాను. మొదటి వాక్యమే ఇలా తయారైంది: ‘సుదూర నియంత్రక డీఎన్‌ఏ గ్లోబిన్ జన్యు వ్యక్తీకరణను నియంత్రిస్తుంది.’ చదివి వినిపిస్తే మా అమ్మ, ‘ఎవరు ఎవరికి ఏం వ్యక్తం చేశార్రా?’ అంది. ఎక్స్‌ప్రెషన్‌కి, అంటే జన్యువు పనిచేసి దాని ప్రోటీన్ తయారవడానికి, ఇంకో మాట లేదా? ఆ పనిని పెంచే నియంత్రక డీఎన్‌ఏ ముక్కను, అదే ఎన్‌హాన్సర్‌ని, ‘స్విచ్’ అనేస్తే సరిపోతుందా?

జవాబు:
‘పలకడం’ వాడి చూడండి. వీణ పలుకుతుంది, గంట పలుకుతుంది, వేలంలో ధర కూడా పలుకుతుంది. హిమోగ్లోబిన్‌లోని ప్రోటీన్‌కి మూలమైన గ్లోబిన్ జన్యువులు దాదాపు అన్ని కణాల్లోనూ ఉన్నా, గట్టిగా పలికేది ఎర్ర రక్తకణాలుగా మారబోయే వాటిలోనే. ‘వ్యక్తీకరణ’ తప్పేం కాదు. కానీ దాన్ని క్రియగా వాడాలంటే ‘వ్యక్తీకరించబడుతుంది’ అని ఈడ్చాల్సి వస్తుంది.

స్విచ్ బదులు ‘మీట’ అనండి.

మరొకరు:
మీట అన్నా స్విచ్ అన్నా ఒకటే కదండీ, వేయడం, ఆపడం. ఎన్‌హాన్సర్ చేసేది పెంచడం. ‘వర్ధకం’ అనకూడదా?

జవాబు:
వర్ధకం అంటే నాకు టానిక్ సీసా గుర్తొస్తుంది! మీటలో ‘మీటడం’ కూడా వినిపిస్తుంది కదా, అందుకే నాకు నచ్చింది. మెల్లగానూ మీటొచ్చు, గట్టిగానూ మీటొచ్చు.

ఇక ‘సుదూర’ సంగతి. 11వ క్రోమోజోమ్ మీద ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, బీటా అనే ఐదు గ్లోబిన్ జన్యువులు వరసగా ఉంటాయి. పిండంలో ముందు ఎప్సిలాన్, తర్వాత గామాలు, పుట్టాక బీటా, వెంట కాస్త డెల్టా. కూర్చున్న వరసలోనే పలుకుతాయన్నమాట. వీటన్నిటికీ ముందు ఎల్‌సీఆర్ (లోకస్ కంట్రోల్ రీజియన్) అనే భాగం ఉంది, మన మీట అదే. అక్కడి నుంచి బీటా దాదాపు 50 వేల అక్షరాల అవతల. (బేస్‌లని అక్షరాలంటున్నాను, ఈ గ్రూపులో ఎవరూ కాదనరనే ధైర్యంతో.) మధ్యనున్న డీఎన్‌ఏ పోగు వంపు తిరిగి, ఎల్‌సీఆర్ వెళ్లి జన్యువు మొదలుకు ఆనుకుంటుంది. పోగు పొడవునా కొలిస్తేనే దూరం. ఉత్త ‘సుదూర’ అని వదిలేస్తే పాఠకుడు రిమోట్ కంట్రోల్ అనుకుంటాడు.

నెదర్లాండ్స్‌లో ఒక రకం తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు) బయటపడింది. రోగి బీటా జన్యువులో ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ ఎల్‌సీఆర్‌తో కలిపి ముందున్న దాదాపు లక్ష అక్షరాలు ఎగిరిపోయాయి. చెక్కుచెదరని ఆ బీటా మూగబోయింది. ఈ ‘మూగబోయింది’ అనే మాట పక్కన ‘పలికింది’ ఎంత బాగా అమరుతుందో చూడండి.

మరొకరు:
సరే, పలకడం ఒప్పుకున్నాను. అయితే ఎల్‌సీఆర్ ఒకటే, తీగలు ఐదు. ఒకదాన్ని మీటుతుంటే మిగతావాటికి వంతు తగ్గుతుందా?

జవాబు:
గామాకీ బీటాకీ ఆ పోటీ ఉంది. 2014లో, పెద్దవాళ్ల రక్తంలోంచి పెంచిన కణాల్లో ఎల్‌డీబీ1 అనే ప్రోటీన్ ముక్కను గామా దగ్గర కట్టి, ఎల్‌సీఆర్‌ని అటు వంచారు. ఎప్పుడో అణగిపోయిన గామా మళ్లీ పలికింది, బీటా తగ్గింది. ‘స్విచ్’ అని రాస్తే ఈ పంపకం కనబడదు.

ప్రశ్న వేసినవారు:
అందరికీ థాంక్స్. ఇలా మార్చాను: ‘దూరాన ఉన్న మీట, డీఎన్‌ఏ వంపు తిరగడంతో దగ్గరికొచ్చి, గ్లోబిన్ జన్యువు పలికేలా చేస్తుంది.’

జవాబు:
‘పలికేలా చేస్తుంది’ ఎందుకండీ? ‘గ్లోబిన్ జన్యువును పలికిస్తుంది’ అనండి.