అప్‌డేట్: ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్‌ను దాటేశాను

డార్క్ సోల్స్ లాంటి కష్టమైన, సోల్స్ తరహా గేమ్‌లు ఎప్పుడూ ఆడనివాళ్లు ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌తో మొదలుపెట్టొచ్చా, అందులో స్టార్మ్‌వెయిల్ కోట ముందున్న మార్గిట్ అనే బాస్‌ను (పెద్ద శత్రువును) ఎలా దాటాలి అని ఇంతకుముందు పోస్ట్‌లో అడిగాను కదా. దాటేశాను!

మీలో చాలామంది చెప్పినట్టే కోటను పక్కనపెట్టి, దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులాకి వెళ్లాను. అక్కడ సంపాదించిన రూన్స్ (లెవల్ పెంచుకోవడానికి వాడే పాయింట్లు) దాదాపు అన్నీ విగర్‌కే, అంటే ప్రాణశక్తి పెంచుకోవడానికే పెట్టాను. టోరెంట్ గుర్రం దొరికాక ఎల్లే చర్చికి వెళ్తే రెన్నా అనే మంత్రగత్తె ఆత్మలను పిలిచే గంటనూ, తోడేళ్ల యాషెస్‌నూ (మనతోపాటు పోరాడే తోడేళ్ల ఆత్మలను పిలిచే వస్తువు) ఇస్తుంది. అవి తప్పకుండా తీసుకోండి, ఒంటరిగా పోరాడే టెన్షన్ చాలా తగ్గుతుంది.

అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం రోల్ (దెబ్బ తప్పించుకోవడానికి దొర్లడం) గురించిన సలహా. మార్గిట్ కర్ర పైకెత్తి కాసేపు అలాగే ఆపుతాడు. ఎత్తగానే రోల్ చేస్తే దెబ్బ తగులుతుంది. కర్ర కిందికి దిగడం మొదలయ్యాకే దొర్లాలి, అదీ వెనక్కి కాదు, అతని వైపుకే. ఇది చేతికి అలవాటయ్యాక ఆ ఫైట్ ఎంత అందంగా ఉందో తెలిసింది, నిజంగా.

కొత్తవాళ్లకి వాగబాండ్ క్లాసే (ఆట మొదట్లో ఎంచుకునే యోధుడి రకం) మంచిదని ఇప్పుడు నేనూ గట్టిగా చెప్తాను. స్టామినా ఉన్నంతవరకు దాని డాలు మామూలు కత్తి దెబ్బను పూర్తిగా ఆపుతుంది.

ఇక కోటలో ఉన్న తర్వాతి బాస్ గాడ్రిక్ వంతు. కోటలోకి గేటు కాపలాదారు గోస్టాక్ చెప్పే పక్కదారిలోనే వెళ్తున్నాను, పెద్ద గేటు దగ్గర బాణాలు మరీ ఎక్కువ.