బాంట్‌కు 30 నిండాయి, డాగ్స్‌కు రెండో అవకాశం ఎప్పుడు?

ఫుట్‌స్క్రే_కోడలు

అందరికీ నమస్తే. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఫుటీ)లో మన జట్టు వెస్టర్న్ బుల్‌డాగ్స్ గురించి మనసులో ఉన్నది ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఇంట్లో మా ఆయనది క్రికెట్ లోకం, డ్యూటీలో ఈ ఆట చూసేవాళ్లంతా కాలింగ్‌వుడ్ వైపే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఈ 2025 నవంబరు 24తో మన కెప్టెన్ మార్కస్ బాంటెంపెల్లికి (బాంట్) 30 ఏళ్లు నిండాయి. అతని చేతికి వచ్చిన కప్పు ఒక్కటే, 2016ది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. ఏటా లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ ఓట్లలో 2021లో రెండో స్థానం, 2023లో మళ్లీ రెండో స్థానం. 2021 గ్రాండ్ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టాడు. మూడో క్వార్టర్లో మనం 19 పాయింట్లు ముందున్నాం. అక్కడి నుంచి మెల్‌బోర్న్ డీమన్స్ చేతిలో 74 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆ మ్యాచ్ రికార్డింగ్‌ను నేను ఇప్పటికీ మూడో క్వార్టర్ సగం దాకే చూడగలను.

ఇక ఈ ఏడాది సంగతి. 23 మ్యాచుల్లో 14 గెలిచి తొమ్మిదో స్థానంలో ఆగిపోయాం. ఫైనల్స్‌కు, అంటే సెప్టెంబరులో కప్పు కోసం ఆడే మ్యాచులకు, ఎనిమిది జట్లే. మన పర్సంటేజీ చూస్తే (కొత్తవాళ్ల కోసం: క్రికెట్లో నెట్ రన్ రేట్ లాంటిది, చేసిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించి వందతో గుణిస్తారు) ఎనిమిదిలో ఉన్న చాలా జట్లకన్నా మెరుగు. అంటే కింది జట్లను చితక్కొట్టి పైజట్ల దగ్గర బోర్లా పడ్డాం. ఓడినవన్నీ దాదాపు అలాంటివే.

చివరి రౌండులో ఫ్రీమాంటిల్‌తో మ్యాచ్. గెలిస్తే లోపల, ఓడితే ఇంటికి. మా అబ్బాయిని తీసుకుని టార్నీట్‌లో రైలెక్కాను. వాడికి తొమ్మిదేళ్లు, 4వ నంబరు జెర్సీ. సదరన్ క్రాస్‌లో దిగి, వంతెన మీదుగా మార్వెల్ స్టేడియం దాకా నా చెయ్యి వదిలేసి ముందు పరిగెత్తాడు. 15 పాయింట్ల తేడాతో ఓడాం. తిరిగి వచ్చేటప్పుడు అదే వంతెన మీద నా చెయ్యి పట్టుకుని నడిచాడు. ప్లాట్‌ఫాం మీద అడిగాడు: "అమ్మా, బాంట్ ఇంకెన్నేళ్లు ఆడతాడు?" నాలుగైదేళ్లు అన్నాను. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

నా ప్రశ్న ఇదే. ఇంత మంచి ఆటగాళ్లు ఉండి కూడా మనం పైజట్లను ఎందుకు ఓడించలేకపోతున్నాం? డిఫెన్సా, మిడ్‌ఫీల్డా, కోచా?

———

హాఫ్‌బ్యాక్_హరి

అక్కా, నేను వెర్రిబీ వైపు ఒక చిన్న క్లబ్బు రిజర్వ్స్ జట్టులో వెనక లైన్లో ఆడతాను. కాబట్టి నా కళ్లు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. నా ఓటు డిఫెన్స్‌కే. కానీ తప్పు డిఫెండర్లది కాదు.

రోరీ లాబ్‌ను చూడండి. ఫ్రీమాంటిల్ నుంచి మన దగ్గరికి ఫార్వర్డ్‌గా వచ్చాడు. 2024లో మన కోచ్ బెవో (ల్యూక్ బెవరిడ్జ్) అతన్ని వెనక్కి పంపాడు. రెండు మీటర్లు దాటిన మనిషి, గాలిలో బంతి పట్టడంలో దిట్ట. నేల మీద పడ్డాక మాత్రం తిరగడానికి సమయం పడుతుంది. లియామ్ జోన్స్‌కు 34 ఏళ్లు. జేమ్స్ ఓడానెల్ ఇంకా నేర్చుకుంటున్నాడు. (ఇతను సైమన్ ఓడానెల్ కొడుకు అని ఎంతమందికి తెలుసు? 1987లో ఈడెన్ గార్డెన్స్‌లో వరల్డ్ కప్ గెలిచిన ఆస్ట్రేలియా జట్టులో ఆడిన ఆల్‌రౌండర్. మా నాన్నకు చెప్తే, ఫుటీ అంటే పడని మనిషి ఆ వారం కూర్చుని మొత్తం మ్యాచ్ చూశాడు.)

ఇప్పుడు అసలు విషయం. సెంటర్లో ఆట మొదలయ్యే ప్రతిసారీ రెండు జట్లూ వెనక ఆరుగురు, మధ్యలో ఆరుగురు, ముందు ఆరుగురుగా నిలబడాలి. 2019 నుంచి ఇదే రూలు. అంటే గోల్ ముందు అదనంగా ఒక మనిషిని దాచుకోవడం కుదరదు. మధ్యలో మనవాళ్లు బంతి గెలిస్తే స్వర్గం. బాంట్, ఎడ్ రిచర్డ్స్, లిబ్బా (టామ్ లిబరటోరి) ముగ్గురూ బంతి వైపే దూకుతారు. పోగొట్టుకుంటే మాత్రం మధ్యలో వాళ్లను ఆపడానికి ఎవరూ మిగలరు. పది సెకన్లలో బంతి లాబ్ నెత్తి మీద ఉంటుంది. కింది జట్లకు ఆ పది సెకన్లు వాడుకునే నేర్పు లేదు. పైజట్లకు ఉంది.

నేను ఆడే స్థాయిలోనే అది ఎంత భయంగా ఉంటుందో చెప్తాను. ఎదుటివాడు ఎటు పరిగెత్తుతాడో ముందు తెలిసేది వాడికే. నేను అర అడుగు వెనక. మిడ్‌ఫీల్డర్ ఒక్కడు వెనక్కి పరిగెత్తుకొచ్చి ఆ ఖాళీలో నిలబడితే చాలు, తన్నేవాడు తల ఎత్తి ఒక్క క్షణం ఆగుతాడు. నాకు కావలసింది ఆ క్షణమే.

———

గీలాంగ్_గోదారోడు

నేను పిల్లుల (గీలాంగ్ క్యాట్స్) వైపు మనిషిని, అయినా మీ మ్యాచులు వదలను. ఫుట్‌స్క్రే అక్కా, బాధపడకండి గానీ ఒకటి అడుగుతాను. 2024 చివర్లో ఒక్క సీజన్ విరామంలోనే బెయిలీ స్మిత్ మాకు, జాక్ మక్రే సెయింట్ కిల్డాకు, కేలబ్ డేనియల్ నార్త్ మెల్‌బోర్న్‌కు వెళ్లిపోయారు. ముగ్గురూ మీ 2021 గ్రాండ్ ఫైనల్ ఆడినవాళ్లు. ఏ జట్టు తట్టుకుంటుంది? బెయిలీ మోకాలి గాయంతో 2024 అంతా ఆడలేదు. మా దగ్గరికి వచ్చి ఈ ఏడాది ఎలా పరిగెత్తాడో మీరే చూశారు.

హరి చెప్పిన వెనక్కి పరిగెత్తడం గురించి. మా జట్టులో పెద్ద పేరున్నవాడైనా బంతి పోయిన క్షణం వెనక్కి తిరగాల్సిందే, మా స్టాండ్స్‌లో జనం కూడా దానికి చప్పట్లు కొడతారు. అదే అలవాటుతో గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లాం. అక్కడ బ్రిస్బేన్ చేతిలో 47 పాయింట్ల తేడాతో ఓడాం, ఆ బాధ మాకుంది. కానీ సెప్టెంబరు ఆఖరి శనివారం దాకా ఆడాం కదా.

———

ఫుట్‌స్క్రే_కోడలు

తమ్ముడూ, బెయిలీ సంగతి నిజమే. వెళ్లినందుకు నాకు కోపం లేదు. మక్రే వెళ్లిన రోజు మాత్రం ఏడుపొచ్చింది. ఏళ్ల తరబడి ప్రతి వారం ముప్పై సార్లు బంతి ముట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికెళ్లే మనిషి అతను.

కానీ వెళ్లినవాళ్ల వల్లే అనుకుంటే 2023కు ఏం సమాధానం? ముగ్గురూ ఉన్నారు. అట్టడుగున ఉన్న వెస్ట్ కోస్ట్‌తో మన సొంత మైదానంలో 7 పాయింట్లతో ఓడి, తొమ్మిదో స్థానం. 2022లో ఫ్రీమాంటిల్ మీద 41 పాయింట్లు ముందుండి ఓడాం. 2020లో సెయింట్ కిల్డా చేతిలో 3 పాయింట్లతో.

నిన్న రాత్రి డ్యూటీ విరామంలో కాగితం మీద రాసుకున్నాను. బెవరిడ్జ్ వచ్చాక మన స్థానాలు: 6, 7, 10, 13, 7, 7, 5, 8, 9, 6, 9. పదకొండు సీజన్లలో ఒక్కసారి కూడా మొదటి నాలుగులో లేము. ఆ కాగితం చూసి నాకే ఆశ్చర్యమేసింది. కప్పు గెలిచిన ఏడాది ఏడో స్థానం. గ్రాండ్ ఫైనల్ ఆడిన ఇంకో ఏడాది ఐదో స్థానం, అది కూడా పర్సంటేజీలో వెంట్రుకవాసి తేడాతో బ్రిస్బేన్ వెనక.

మొదటి నాలుగులో ఉంటే ఒకసారి ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. ఐదు నుంచి ఎనిమిదిలో ఉంటే ఒక్క చెడ్డ రాత్రి చాలు. 2015, 2019, 2020, 2022, 2024, ఐదుసార్లు మొదటి మ్యాచులోనే ఇంటికొచ్చాం. ఆ మొదటి మ్యాచు దాటిన రెండుసార్లూ (2016, 2021) ఊరూరూ తిరిగి గెలిచాం. 2016లో పెర్త్ వెళ్లి వెస్ట్ కోస్ట్‌ను, తర్వాత హాథార్న్‌ను, సిడ్నీ వెళ్లి జెయింట్స్‌ను 6 పాయింట్లతో, ఆఖర్న గ్రాండ్ ఫైనల్లో స్వాన్స్‌ను 89-67తో. అలాంటి నెల ఎవరి జీవితంలోనైనా ఒకసారి వస్తుంది. ప్రతి ఏడాదీ అదే రావాలని బాంట్ మీద పెట్టడం న్యాయం కాదు.

అందుకే ఆటగాళ్ల పేర్లు పట్టుకుని తిట్టబుద్ధి కావడం లేదు. మార్చి, ఏప్రిల్లో పోగొట్టుకునే రెండు మూడు మ్యాచులు ఉన్నాయి చూడండి, సెప్టెంబరులో మనల్ని ముంచేవి అవే. ఈ ఏడాది మొదట్లో బాంట్ పిక్క నొప్పితో కొన్ని వారాలు లేడు, ట్రెలోర్‌నూ గాయాలు వదల్లేదు. ఫార్వర్డ్ సామ్ డార్సీ మోకాలు ఏప్రిల్లో దెబ్బతింది. అవన్నీ ఒప్పుకుంటాను. అయినా బాంట్ లేనప్పుడు గెలవడం మనం ఎప్పుడు నేర్చుకుంటాం?

———

బల్లారట్_బాబాయ్

అమ్మాయ్, నీ కాగితం బాగుంది. నా దగ్గర ఇంకా పాత కాగితం ఉంది.

1997 ప్రిలిమినరీ ఫైనల్, అంటే గ్రాండ్ ఫైనల్‌కు ముందు వచ్చే సెమీఫైనల్ లాంటిది. నేను మెల్‌బోర్న్ వచ్చిన కొత్త. ఫ్యాక్టరీలో నా పక్కన పనిచేసే ఇటాలియన్ పెద్దాయన ఎంసీజీకి లాక్కెళ్లాడు. ఆఖరి క్వార్టర్ మొదలయ్యేసరికి అడిలైడ్ మీద మంచి ఆధిక్యంలో ఉన్నాం. టోనీ లిబరటోరి తన్నాడు, గోల్ అనుకుని చేతులెత్తి గంతులేశాడు. మేమందరం లేచాం. పెద్దాయన నన్ను ఎత్తినంత పని చేశాడు. గోల్ అంపైర్ ఒక్క వేలే చూపించాడు. బిహైండ్, ఒక్క పాయింటు. 2 పాయింట్లతో ఓడాం. ఆ పెద్దాయన మైదానం ఖాళీ అయ్యేదాకా లేవలేదు. నేనూ పక్కనే కూర్చున్నాను, ఏం మాట్లాడాలో ఇంగ్లిష్‌లో నాకు రాదు అప్పుడు.

తర్వాత 1998లో ప్రిలిమినరీ, ఓటమి. 2008, 2009, 2010 వరసగా మూడు ప్రిలిమినరీలు, మూడు ఓటములు. వాటిలో 2009లో తేడా 7 పాయింట్లు. టోనీకి 1990లో బ్రౌన్‌లో వచ్చింది గానీ గ్రాండ్ ఫైనల్ ఆడే రాత లేదు. కొడుకు టామ్ 2016లో ఆడి గెలిచాడు. ఆ రోజు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గోల్ అంపైర్ వేలే.

నువ్వు అడిగినదానికి నా జవాబు సామ్ డార్సీ. 208 సెంటీమీటర్లు, 22 ఏళ్లు. తాత డేవిడ్, నాన్న ల్యూక్ ఇద్దరూ ఇదే క్లబ్బు. ముందు లైన్లో ఇటు ఆరన్ నాటన్, అటు డార్సీ నిలబడితే ఏ కోచ్‌కైనా ఇద్దరు మంచి పొడుగు డిఫెండర్లు కావాలి, అలాంటి జట్లు తక్కువ. ఇంకా కింద జోయెల్ ఫ్రైయా, రైలీ శాండర్స్ పెరుగుతున్నారు. ఎడ్ రిచర్డ్స్ హాఫ్‌బ్యాక్ నుంచి మధ్యకు వచ్చాక బాంట్ భుజాల మీద బరువు సగం దిగింది. బాంట్‌ను ఇక ముందు ఎక్కువసేపు గోల్ దగ్గర ఉంచొచ్చు, కాళ్లు నిలుస్తాయి.

పైగా 2026 నుంచి పది జట్లకు అవకాశం ఉంది, ఏడు నుంచి పది స్థానాల జట్లకు వైల్డ్‌కార్డ్ మ్యాచులు పెట్టారు. ఈ ఏడాదే ఆ రూలుంటే తొమ్మిదో స్థానంతో ఆ మ్యాచ్ ఆడే అవకాశమైనా ఉండేది.

———

హాఫ్‌బ్యాక్_హరి

బాబాయ్ గారూ, డార్సీ విషయంలో నూటికి నూరు ఒప్పుకుంటాను. కానీ ముందు వంద పాయింట్లు కొట్టి వెనక నూట ఐదు ఇస్తే లాభం లేదు. ఈ ఏడాది గోల్స్ కొట్టడం మన సమస్యే కాదు. అలాగే మన రక్‌మన్ (ఆట మొదట్లో పైకెగిరి బంతిని తట్టే పొడుగాటి ఆటగాడు) టిమ్ ఇంగ్లిష్ మీద నాకు టెన్షన్ ఉంది. 2026 నుంచి బంతిని నేలకు కొట్టి ఆట మొదలుపెట్టే సెంటర్ బౌన్స్ తీసేసి అంపైర్ బంతిని పైకి విసురుతాడు. ఎగిరి దూకే రక్‌మన్‌లకు అది అనుకూలం. ఇంగ్లిష్ బలం మైదానమంతా పరిగెత్తి మార్కులు (తన్నిన బంతిని గాలిలోనే) పట్టడం. మధ్యలో మొదటి తాకుడు పోతే నేను పైన చెప్పిన పది సెకన్ల కథే మళ్లీ.

———

ఫుట్‌స్క్రే_కోడలు

బాబాయ్ గారూ, మీ 1997 చదివి డ్యూటీకి పది నిమిషాలు ఆలస్యమయ్యాను. మీకు ఆ పెద్దాయన లాగే నాకూ ఒకరున్నారు. 2016లో మేం మన క్లబ్బు మైదానం విటెన్ ఓవల్‌కు రెండు వీధుల అవతల అద్దెకుండేవాళ్లం. ఈ ఆటలో ఎన్ని పాయింట్లకు గోలో కూడా తెలియదు నాకు. గెలిచిన మర్నాడు ఆదివారం, బాబును బండిలో వేసుకుని పాల కోసం బయల్దేరితే ఊరంతా ఎరుపు, తెలుపు, నీలం. గేటు దగ్గర ఒక ముసలాయన మడత కుర్చీలో కూర్చుని, మెడకు ఒకటి, ఒళ్లో ఒకటి, రెండు మఫ్లర్లు పెట్టుకున్నాడు. ఒళ్లోది బాగా పాతది, అంచులు రాలిపోయింది. వాళ్ల నాన్నదట, అంతకుముందు మనం కప్పు గెలిచిన 1954 నాటిది. "ఆయనకు చూపిద్దామని తెచ్చాను" అన్నాడు. నాకు అప్పుడు నెలల బిడ్డ, మా నాన్న నరసరావుపేటలో. అక్కడే నిలబడి ఏడ్చాను. పాలు తేవడం మర్చిపోయాను.

వైల్డ్‌కార్డ్ గురించి మాత్రం మీతో ఒప్పుకోలేను, క్షమించండి. పదో స్థానానికీ తలుపు తెరిస్తే మనవాళ్లు తొమ్మిదితోనే సరిపెట్టుకుంటారని నా భయం. నాకు కావలసింది మొదటి నాలుగు. సెప్టెంబరు మొదటి వారంలో బాంట్ ఒక మ్యాచ్ ఓడినా సరే, తర్వాతి వారం మళ్లీ టాస్‌కు నడిచి రావాలి. అతని కెరీర్లో ఒక్కసారి కూడా ఆ రెండో వారం హక్కుగా రాలేదు.

హరీ, నువ్వన్న ఆ వెనక్కి పరిగెత్తడం గురించి మా అబ్బాయికి చదివి వినిపించాను. "నేను పరిగెత్తుతాను" అన్నాడు. ఈ శనివారం పార్కులో గంటసేపు నేను తన్నడం, వాడు వెనక్కి పరిగెత్తి ఖాళీలో నిలబడటం. నా మోకాళ్లు పట్టేశాయి.

బాబాయ్ గారూ, మార్స్ స్టేడియంలో మన మ్యాచ్ తేదీ వచ్చాక చెప్తాను. మేం పొద్దున్నే బల్లారట్ రైలెక్కుతాం. పులిహోర, పెరుగన్నం నేను తెస్తాను. ఆ ఊళ్లో చలికి పనికొచ్చే దుప్పటి ఒకటి మీరు తెండి. 4వ నంబరు జెర్సీ వాడికి పొట్టిదైపోయింది, పెద్ద సైజు కొనాలి. మళ్లీ 4 కావాలా, డార్సీ 10 కావాలా అని అడిగితే ఇంకా తేల్చుకోలేదు.