ఘాట్ రోడ్ల మలుపులకు రెండో బండి ఏది తీసుకోవాలి?

అన్నలూ, ఒక సలహా కావాలి. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఇంట్లో ఒక బరువైన 350 సీసీ బండి ఉంది. హైవే మీద దానికి వంక పెట్టలేను, అమ్మే ఉద్దేశమూ లేదు. ఇబ్బందంతా ఘాట్‌లోనే. తమిళనాడులోని కొల్లి కొండల్లో 70 హెయిర్‌పిన్ మలుపులు. ఒక మలుపు తిరిగి బండి నిటారుగా అయ్యేలోపే ఇంకోటి ఎదురవుతుంది. కాస్త వంచితే చాలు, కాలు పెట్టుకునే ఫుట్‌పెగ్ రోడ్డును గీరుతుంది. మలుపు మధ్యలో బస్సు ఎదురైతే పక్కకు తిప్పడానికి భుజాలు పడిపోతాయి.

అందుకే తేలిగ్గా తిరిగే రెండో బండి వెతుకుతున్నాను. మనసులో రెండున్నాయి: యమహా ఆర్15, కేటీఎం 390 డ్యూక్. ఆర్15 ఇంజన్ 155 సీసీయే, కానీ బరువు తక్కువ. ముందుకు వంగి కూర్చోవాలి కదా, దగ్గర్లోని నంది హిల్స్ దాకా సరే, కొల్లి దాకా మణికట్లు తట్టుకుంటాయా? డ్యూక్‌కు పవర్ బాగానే ఉంది. ఎత్తు మలుపులో రెండో గేరులో నెమ్మదిగా వెళ్తే ఇంజన్ సాఫీగా లాగుతుందా, కొట్టుకుంటుందా? నాకు ఇదే ముఖ్యం. టాప్ స్పీడు అక్కర్లేదు. దిగేటప్పుడు బ్రేకుల మీద, ఇంజన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండి వేగం తగ్గించడం) మీద నమ్మకం ఉండాలి.

నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. సెకండ్ హ్యాండైనా ఫర్వాలేదు. ఫోర్క్ సీళ్లు (ముందు షాక్‌లలో ఆయిల్ కారకుండా ఆపేవి), స్టీరింగ్ బేరింగ్ కాకుండా ఇంకేం చూసుకోవాలి? ఈ రెంటిలో ఏదైనా ఘాట్‌లో నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.