చిన్న కారులో ఎల్‌పీజీ ట్యాంకు: స్టెప్నీ గుంటలోనా, డిక్కీలోనా?

పాతఆల్టో:
నా కారు 145/80 ఆర్12 టైర్లున్న పాత ఆల్టో. ఇంట్లో నలుగురం ఉన్నాం కనుక డిక్కీ మొత్తం వదులుకోవడం కష్టం. గ్యాస్ కిట్లు బిగించే ఒక మిస్త్రీ స్టెప్నీ తీసేసి ఆ గుంటలో గుండ్రటి ట్యాంకు పెడదామంటున్నారు. మరొకరు వెనక సీటుకు ఆనించి అడ్డంగా సిలిండర్ ట్యాంకు పెట్టడమే మేలంటున్నారు. దయచేసి కారణాలతో సహా చెప్పండి.

హైవేబాటసారి:
నా ఓటు స్టెప్నీ గుంటకే. ఆ గుంట కోసమే చేసిన ట్యాంకులు ఉన్నాయి, డిక్కీ డిక్కీలాగే ఉంటుంది, బరువు కూడా కిందనే ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైరు గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని కేంద్రం 2020లో నిబంధనలు సవరించింది కదా.

కొలతబద్ద:
బాటసారి గారూ, ఆ మినహాయింపు పాత ఆల్టోకు వర్తించదు, ఎందుకంటే అందులో మీరు చెప్పిన హెచ్చరిక పరికరమే లేదు. అంతకన్నా ముఖ్యమైనవి కొలతలు. 145/80 ఆర్12 టైరు అడ్డకొలత సుమారు 537 మిల్లీమీటర్లు, వెడల్పు 145. బజారులో ఎక్కువగా దొరికే గుండ్రటి ట్యాంకు అడ్డకొలత 600, ఎత్తు 200. అది 165/80 ఆర్14 టైరు పట్టే గుంటలో, డిక్కీ నేల కాస్త పైకి లేచినా, ఇముడుతుంది గానీ ఆల్టో గుంటలో పట్టదు. పట్టే చిన్న ట్యాంకు కొంటే లీటర్లు తగ్గుతాయి. అందులోనూ 80 శాతానికి మించి నింపకూడదు, పైగా లీటరు ఎల్‌పీజీ లీటరు పెట్రోలంత దూరం లాగదు.

పాతఆల్టో:
గుంట అడుగు కోసి లోతు పెంచి వెల్డింగ్ చేస్తానని ఆ మిస్త్రీ అన్నారు. సిలిండర్ ట్యాంకు పెడితే మాత్రం చోటు కలిసి రావడానికి దాన్ని కొంచెం పక్కకు దొర్లించి బిగించవచ్చట.

కొలతబద్ద:
రెండూ వద్దు. అడుగు కోస్తే వెనక బాడీ బలం తగ్గుతుంది, ట్యాంకు నేలకు దగ్గరవుతుంది, సైలెన్సర్ వేడీ తగులుతుంది. దొర్లించడం ఇంకా ప్రమాదం. ట్యాంకు మీది మల్టీవాల్వ్‌లో ద్రవం మీద తేలే ఒక బుడ్డి (ఫ్లోట్) ఉంటుంది. గ్యాస్ 80 శాతానికి రాగానే నింపడాన్ని ఆపేది అదే. ఆ వాల్వ్‌ను ట్యాంకు వ్యాసానికీ, వాల్వ్ కూర్చునే కోణానికీ తగినట్టు తయారు చేస్తారు, సాధారణంగా 30 డిగ్రీలకు. కోణం మారితే ఫ్లోట్ తప్పు లెక్క చూపుతుంది. మిగిలిన 20 శాతం ఖాళీ ఎండకు ద్రవం వ్యాకోచించడానికి. అది లేకపోతే మే నెల మధ్యాహ్నం ట్యాంకు నిండా ద్రవమే, ఒత్తిడి అమాంతం పెరుగుతుంది.

హైవేబాటసారి:
కొలతల సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా డిక్కీలో సిలిండర్ ట్యాంకు అంటే గ్యాస్‌ను మనుషుల వెనకే పెట్టుకోవడం కాదా?

కొలతబద్ద:
గ్యాస్‌కు దారి చూపకపోతే ఎక్కడ పెట్టినా అంతే. ఎల్‌పీజీ గాలికన్నా బరువు కనుక లీకైతే డిక్కీ నేల మీదే పేరుకుంటుంది. వాల్వ్ చుట్టూ గాలి చొరని డబ్బా ఉండాలి, దాని గొట్టం కారు అడుగు నుంచి బయటికి, సైలెన్సర్‌కు దూరంగా పోవాలి. ఆ గొట్టాన్ని డిక్కీ లోపలే వదిలేసిన బండ్లను చూశాను, అదే అసలు భయం. ఆల్టో గారూ, మీ బండికి వెనక సీటు వెనకాల చిన్న సిలిండర్ ట్యాంకే నా సలహా. కాస్త చోటు పోతుంది, స్టెప్నీ మాత్రం ఉంటుంది. ఆమోదం పొందిన కిట్ బిగించి, ఆర్‌సీలో మార్పు నమోదు చేయించి, బీమా కంపెనీకి తెలియజేయండి. అయిదేళ్లకోసారి ట్యాంకు పరీక్ష మరవకండి.

పాతఆల్టో:
అలాగే చేస్తాను. గుంట కోస్తానన్న మిస్త్రీ దగ్గరికి మాత్రం వెళ్లను.