గ్రాఫీన్ నిజంగా కణం పొరను కోస్తుందా?

గోదారిగట్టు: కరోనా టైంలో గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ షీటు) వేసిన మాస్కు రెండు నెలలు పెట్టుకున్నాను. రేణువులు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అలాంటివి వాడొద్దని 2021 ఏప్రిల్‌లో కెనడా ఆరోగ్యశాఖ, హెల్త్ కెనడా చెప్పింది. ఇప్పుడేమో గ్రాఫీన్ బ్యాక్టీరియాను బ్లేడులా కోసి చంపుతుందని చదివాను. దాన్ని కోసేది నన్ను వదిలేస్తుందా?

ల్యాబ్‌పిల్లి: ముందు ఆ బ్లేడు మాట వదిలేయండి. కణం పొర అంటే రెండు వరసల కొవ్వు అణువులు, మొత్తం మందం 4-5 నానోమీటర్లు, అవి నూనెలా కదులుతూనే ఉంటాయి. గ్రాఫీన్ ఆ అణువుల్ని ఈ.కోలై అనే బ్యాక్టీరియా పొరలోంచి తన మీదకు లాగేసుకుంటుందని 2013లో నేచర్ నానోటెక్నాలజీ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. కోయడం ఒక్కటే కాదు, లాగడం కూడా ఉంది.

నిప్పురవ్వ: కోస్తే చచ్చేది లాగితే బతుకుతుందా?

ల్యాబ్‌పిల్లి: తేడా ఉందండీ. అదే ఏడాది బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు చూపించింది ఏమిటంటే, గ్రాఫీన్ షీటు మూలలు, అంచు మీది మొనలు ముందు పొరలోకి దిగి, మిగతాది వాటి వెనక లోపలికి పోతుంది. దూరినంత మాత్రాన కణం చావాలని లేదు. పైగా గ్రాఫీన్ ఆక్సైడ్ (ఆక్సిజన్ అతుక్కున్న గ్రాఫీన్) ఉన్న ద్రవంలో 10 శాతం సీరం, అంటే గడ్డకట్టిన రక్తంలోంచి తీసిన ద్రవం, కలిపితే ప్రొటీన్లు దానికి అతుక్కుని హాని బాగా తగ్గింది. మన ఒంట్లో ఉండేది ఉత్త నీళ్లు కాదు కదా.

బజ్జీలబండి: మా ఆవిడ టెన్నిస్ రాకెట్ మీద కూడా గ్రాఫీన్ అని ఉంది. పారేయాలా?

ల్యాబ్‌పిల్లి: రాకెట్‌ను ముక్కుతో పీల్చరు కదండీ.

నిప్పురవ్వ: వెటకారాలు తర్వాత. ఎమ్మెస్సీలో నేను గ్రాఫీన్ ఆక్సైడ్ వేస్తే బ్యాక్టీరియా చావలేదు సరికదా ఏపుగా పెరిగింది. నీకు ల్యాబ్ పని రాదని మా గైడ్ అందరి ముందూ తిట్టాడు, ఆర్నెల్లు వృథా. తర్వాత చూస్తే 2011లోనే వేరేవాళ్లకీ అలాగే పెరిగిందని పేపరుంది!

ల్యాబ్‌పిల్లి: ఇది మీ వాదనకే ఎదురు తిరిగిందిగా.

నిప్పురవ్వ: ఏం ఎదురు తిరిగింది? ఒక ల్యాబ్‌లో చంపేది, ఇంకో ల్యాబ్‌లో పెంచేది, అలాంటిదాన్ని మనిషి మూతికి కట్టి అమ్ముతారా? నా గొడవంతా అదే. మీరు పొర పట్టుకుని వేలాడుతున్నారు.

ల్యాబ్‌పిల్లి: పూర్తిగా తేలేదాకా ఏదీ అమ్మొద్దంటే ఏమీ అమ్మలేం. కొన్ని గ్రాఫీన్ మాస్కు మోడళ్లతో ప్రమాదం లేదని 2021 జులైలో హెల్త్ కెనడాయే చెప్పింది. ఎడిన్‌బరోలో 14 మంది వాలంటీర్లు శుద్ధి చేసిన గ్రాఫీన్ ఆక్సైడ్ పీల్చారు, ఊపిరితిత్తుల పనితీరు, బీపీ బాగానే ఉన్నాయని 2024లో వచ్చింది.

నిప్పురవ్వ: ఎంతసేపు పీల్చారో కూడా చెప్పండి. రెండు గంటలు! ఆయన పెట్టుకున్నది రెండు నెలలు.

గోదారిగట్టు: కొట్టుకోకండి బాబూ. ఇంతకీ నా మాస్కులో ఉన్నది ఏది?

ల్యాబ్‌పిల్లి: షీటు సైజెంత, గ్రాఫీన్ ఎన్ని వరసలు, ఆక్సైడా కాదా, అట్ట మీద ఉండాలే?

గోదారిగట్టు: గ్రాఫీన్ అని ఒక్క ముక్క ఉంది, అంతే.

నిప్పురవ్వ: మొదటినుంచీ నేను మొత్తుకునేది అదే.

ల్యాబ్‌పిల్లి: మొదట్లో మీరు మొత్తుకున్నది కోయడం గురించి. పైకెళ్లి చూసుకోండి.