నలభై షిల్లింగుల భూమి ఉంటేనే ఓటు: ఆ వాదనలో పస ఎంత?

పాతకాగితం:
ఇంగ్లండులో 1715 డిసెంబరు నుంచి 1716 జూన్ వరకు జోసెఫ్ అడిసన్ ‘ది ఫ్రీహోల్డర్’ అనే పత్రిక నడిపాడు. మొత్తం 55 సంచికలు. ఈ మధ్య వాటిని వరుసగా చదివాను. సొంత భూమి ఉన్న ఆసామి గొంతుతో మొదలవుతుంది. ఫ్రీహోల్డర్ అంటే చట్టం చేసేవాడికి ఒక్క మెట్టు కింద నిలబడ్డవాడు, ఒకరి ఇష్టాయిష్టాలకు లొంగనివాడు, అందుకే దేశం అతని చేతిలో భద్రం అన్న ధోరణి. ముచ్చటైన వచనం, కాదనను. అయితే ఆ పత్రిక పుట్టిందే ప్రభుత్వానికి కొమ్ముకాయడానికి. స్టువర్టు వంశం కోసం 1715లో తిరుగుబాటు లేచినప్పుడు జార్జి రాజును, అధికారంలో ఉన్న విగ్ పార్టీ మంత్రులను సమర్థించడం దాని పని. ఎన్నికలు మూడేళ్లకు బదులు ఏడేళ్లకోసారి చాలంటూ 1716లో చట్టం తెస్తే దాన్నీ వెనకేసుకొచ్చింది. ఓటరు పేరు పెట్టుకున్న పత్రిక, ఓటు అరుదుగా వేయడమే దేశానికి మంచిదని చెప్పిందన్నమాట!

చర్చకు పెట్టదలచింది ఇది. 1430 నుంచి ఇంగ్లండు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఏడాదికి 40 షిల్లింగుల (2 పౌండ్ల) రాబడి ఉన్న ఫ్రీహోల్డు ఆస్తి ఉంటేనే పార్లమెంటు ఓటు. 1832 దాకా అదే కట్టుబాటు. 17, 18 శతాబ్దాల కరపత్రాలూ న్యాయగ్రంథాలూ దీనికి చెప్పే కారణం ఒకటే: భూమి ఉన్నవాడు స్వతంత్రుడు, లేనివాడు యజమాని చెప్పినట్టు ఓటేస్తాడు. కానీ 1430 నాటి శాసనం స్వాతంత్ర్యం ఊసే ఎత్తదు. ఆస్తీ విలువా లేని జనం లెక్కకు మించి వచ్చి, నైట్లతో, పెద్దమనుషులతో సమానంగా తమ మాట చెల్లాలంటున్నారు, దీనివల్ల కొట్లాటలూ హత్యలూ జరుగుతాయి అని అందులో ఉంది. అంటే ముందు తలుపు మూశారు, కారణం తరువాత వెతుక్కున్నారు. నా వాదన ఇంతే. కాదనేవారు చెప్పండి.

కరణంగారి మనవడు:
కాదనేవాణ్ణి నేనే. పాతకాగితం గారూ, ఆనాటి ఓటు ఎలా వేసేవారో మీరు పక్కన పెట్టేశారు. రహస్య ఓటు 1872లో గానీ రాలేదు. అప్పటిదాకా ఓటరు అందరి ముందూ నిలబడి ఎవరికి వేస్తున్నాడో పైకి చెప్పాలి. ఎవరు ఎవరికి వేశారో పేరూ ఊరూ సహా పుస్తకాలుగా అచ్చువేసి అమ్మేవారు. ఆ పుస్తకం మర్నాడు జమీందారు బల్ల మీద ఉంటుంది. అలాంటప్పుడు వెళ్లగొట్టడానికి వీలున్న కౌలుదారు ఏం చేస్తాడు? న్యాయశాస్త్ర పండితుడు బ్లాక్‌స్టన్ 1765లో తన ‘వ్యాఖ్యానాలు’ మొదటి సంపుటంలో రాసింది అదే: సొంత నిర్ణయం అంటూ లేనంత హీనస్థితిలో ఉన్నవారి ఓటు నిజానికి వాళ్ల యజమాని ఓటే. పేదవాడికి ఓటిస్తే ధనవంతుడికి పది ఓట్లు ఇచ్చినట్టు. ఇది నాటకం కాదు, ఆనాటి వాస్తవం.

పైగా ఈ తలుపు మీరన్నంత ఇరుకైనదేమీ కాదు. 1430లో 2 పౌండ్లు పెద్ద మొత్తం. ధరలు పెరుగుతూ పోయాయి, హద్దు మాత్రం అక్కడే ఉండిపోయింది. 18వ శతాబ్దానికి చిన్న ఇల్లూ కాస్త తోటా ఉన్న కమ్మరి, చెప్పులు కుట్టేవాడు కూడా ఓటరే. ఆనాటి గణాంకవేత్త గ్రెగరీ కింగ్ 1688 నాటి ఇంగ్లండుకు వేసిన అంచనాల్లో పెద్ద ఫ్రీహోల్డర్ల కుటుంబాలు 40,000, చిన్న ఫ్రీహోల్డర్లవి 1,40,000. మొత్తం కుటుంబాలు సుమారు 13 లక్షల 60 వేలు. అంటే ఏడెనిమిది కుటుంబాలకు ఒకటి. ఆ కాలంలో యూరప్‌లో ఇంతకంటే ఎక్కువ జనం ఓటేసిన పెద్ద రాజ్యం ఏదో చూపించండి.

చిట్టడవి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఫ్రీహోల్డర్ కానివాడంటే కౌలుదారేనా? ‘కాపీహోల్డర్’ అని ఇంకో రకం కనిపిస్తోంది, అతను ఎవరు?

పాతకాగితం:
మంచి ప్రశ్న అడిగారు చిట్టడవి గారూ. గుట్టంతా అక్కడే ఉంది.

కాపీహోల్డర్ మామూలు కౌలుదారు కాదు. మేనర్ అనే ఎస్టేటుకు సొంత కోర్టు ఉండేది, దానికొక దస్త్రం. ఫలానా భూమి ఫలానా వాడిది అని అందులో రాసి, ఆ నకలు అతని చేతికి ఇచ్చేవారు. అదే అతని హక్కు పత్రం. 18వ శతాబ్దానికి వచ్చేసరికి చాలాచోట్ల దాన్ని కొడుకులకు ఇవ్వవచ్చు, అమ్మవచ్చు, రాజు కోర్టులు కూడా దాన్ని కాపాడేవి. చేతులు మారినప్పుడు ప్రభువుకు రుసుం కట్టాలి. కొన్ని మేనర్లలో ఆసామి పోతే ఇంట్లో ఉన్నవాటిలో మంచి పశువును ప్రభువుకు తోలాలి. ఆచారం ప్రకారం చెల్లించాల్సింది చెల్లిస్తున్నంత కాలం అలాంటివాణ్ణి ప్రభువు ఊరికే వెళ్లగొట్టలేడు. 50 ఎకరాల కాపీహోల్డు ఉన్నవాడు, 3 ఎకరాల ఫ్రీహోల్డు ఉన్నవాడికంటే అన్నివిధాలా గట్టివాడు.

ఇప్పుడు 1754 ఆక్స్‌ఫర్డ్‌షైర్ ఎన్నిక చూడండి. రెండు స్థానాలకు నలుగురు. ఓట్లలో విగ్‌ల ప్రత్యర్థి పక్షమైన టోరీలిద్దరూ ముందున్నారు. ఎన్నిక జరిపించే కౌంటీ అధికారి షెరీఫ్ ఎటూ తేల్చకుండా నలుగురి పేర్లూ పార్లమెంటుకు పంపాడు. విగ్‌ల మెజారిటీ ఉన్న పార్లమెంటు దిగువ సభ, అంటే కామన్స్ సభ, నెలల తరబడి ఓట్లు తవ్వి, 1755లో విగ్‌లిద్దరినీ కూర్చోబెట్టింది. అందులో తేలాల్సిన పెద్ద చిక్కు కాపీహోల్డర్ల ఓట్లు చెల్లుతాయా అన్నది. (హోగార్త్ గీసిన నాలుగు ఎన్నికల బొమ్మలకు ప్రేరణ ఈ గొడవే.) ఓడినవాళ్ల పక్షాన నిలిచిన బ్లాక్‌స్టన్ 1758లో ఒక కరపత్రం అచ్చువేశాడు: కాపీహోల్డర్ ఎంత స్థిరమైనవాడైనా ఫ్రీహోల్డర్ కాడు, ఓటు లేదు అని. అదే ఏడాది పార్లమెంటు అలాగే చట్టం చేసింది.

కరణంగారి మనవడు గారూ, ‘వెళ్లగొట్టడానికి వీలున్నవాడు’ అన్నారు కదా. వెళ్లగొట్టడానికి వీల్లేని కాపీహోల్డర్‌కు ఓటు ఎందుకు తీసేశారు? స్వాతంత్ర్యమే కొలబద్ద అయితే అతను నెగ్గాలి. నెగ్గలేదు.

కరణంగారి మనవడు:
చట్టానికి ఎక్కడో ఒకచోట గీత గీయాలి. ఒక్కొక్కరి బతుకు విచారించి స్వతంత్రుడా కాదా అని తేల్చేందుకు షెరీఫ్‌కు తీరిక ఉంటుందా? భూమి హక్కు రకాన్ని బట్టి తేల్చడం సులువు. ఆ సులువులో కొందరికి అన్యాయం జరిగింది, ఒప్పుకుంటాను. దాన్నిబట్టి సిద్ధాంతమే బూటకం అనడం కుదరదు.

సముద్రఘోష:
సులువైన గీత కూడా ఎలా పనిచేసిందో ఐర్లండు చెబుతుంది. అక్కడ ఫలానా ముగ్గురు బతికి ఉన్నంత కాలం అని రాసిన కౌలు కూడా చట్టం దృష్టిలో ఫ్రీహోల్డే. 1793లో కాథలిక్కులకు ఓటు వచ్చాక, భూస్వాములు పేద కౌలుదార్లకు అలాంటి పత్రాలు రాసిచ్చి వేలకొద్దీ 40 షిల్లింగుల ఓటర్లను తయారు చేశారు. ఎన్నికల రోజున మందలా తోలుకెళ్లేవారు. అప్పుడు ‘వీళ్లకు స్వాతంత్ర్యం లేదు’ అని ఏ భూస్వామికీ బెంగ కలగలేదు.

1826లో వాటర్‌ఫర్డ్‌లో ఆ కౌలుదార్లే భూస్వామికి ఎదురు తిరిగి ఓటేశారు. 1828లో క్లేర్‌లో కాథలిక్కుల నాయకుడు డేనియల్ ఓకానెల్‌ను గెలిపించారు. దానితో దిగివచ్చి 1829లో కాథలిక్కులను పార్లమెంటులోకి రానిచ్చారు, వెంటనే ఐర్లండు కౌంటీల్లో ఓటు హద్దును 40 షిల్లింగుల నుంచి 10 పౌండ్లకు పెంచేశారు. గెలిపించినవాళ్లకే ఓటు పోయింది. చెప్పినట్టు విన్నన్నాళ్లూ ఓటు ఉంది, మాట వినడం మానేయగానే ఊడింది. మీ స్వాతంత్ర్య సిద్ధాంతానికి ఇది పూర్తిగా తిరగబడ్డ రూపం కదా కరణంగారి మనవడు గారూ?

కరణంగారి మనవడు:
ఐర్లండు సంగతి వేరు, అది జయించిన దేశం. ఇంగ్లండులో ఫ్రీహోల్డర్లు నిజంగా తలెత్తి నిలబడ్డ సందర్భం మీరెవరూ ఎత్తడం లేదు, అందుకని నేనే ఎత్తుతాను. 1769లో మిడిల్‌సెక్స్ ఫ్రీహోల్డర్లు ప్రభుత్వాన్ని దుయ్యబట్టిన పత్రికా రచయిత జాన్ విల్క్స్‌ను మళ్లీ మళ్లీ ఎన్నుకున్నారు, కామన్స్ సభ మళ్లీ మళ్లీ గెంటేసింది. చివరకు ఏప్రిల్‌లో విల్క్స్‌కు 1,143 ఓట్లు, ప్రభుత్వం నిలబెట్టిన లట్రెల్‌కు 296 వస్తే, లట్రెల్‌నే సభ్యుడిగా ప్రకటించారు. ఆ మీదట కౌంటీ కౌంటీలోనూ ఫ్రీహోల్డర్లు సభలు పెట్టి అర్జీలు రాశారు, కరపత్రాలు వెల్లువెత్తాయి. ప్రతినిధిని ఎంచుకునే హక్కు ఓటరుదా, సభదా అన్న ప్రశ్న అచ్చులో అంత గట్టిగా పడింది వాళ్ల వల్లే. తరువాత ఓటు అడిగిన ప్రతివాడూ ఆ భాషనే అరువు తెచ్చుకున్నాడు. తలుపు లోపల ఉన్నవాడి అరుపైనా, బయటివాడికి పనికొచ్చింది.

వానకోయిల:
బయటివాళ్లకు సొంత భాష లేదన్నట్టు మాట్లాడుతున్నారేమిటండీ? 1647 అక్టోబరు చివర పట్నీ చర్చిలో, రాజు మీద అంతర్యుద్ధంలో గెలిచిన పార్లమెంటు సైన్యం పెట్టిన చర్చలో కర్నల్ రెయిన్‌స్‌బరో అన్నది గుర్తులేదా? ఇంగ్లండులో అందరికంటే పేదవాడికీ అందరికంటే గొప్పవాడిలాగే బతకడానికి ఒక బతుకు ఉంది, కాబట్టి తన సమ్మతి లేని ప్రభుత్వానికి అతను కట్టుబడనక్కర్లేదు అన్నాడు. ఎదురుగా ఉన్న సైన్యాధికారి ఐర్టన్, రాజ్యంలో స్థిరమైన ఆస్తి ఉన్నవాడికే ఓటు అని పట్టుబట్టాడు. ఆస్తి లేనివాళ్లు ఎక్కువమంది, వాళ్లకు ఓటిస్తే ఆస్తినే రద్దు చేస్తారని అతని భయం. ఇక్కడ స్వాతంత్ర్యం గురించిన తాత్విక చింత కంటే ఆస్తి గురించిన దిగులే ఎక్కువ వినిపిస్తుంది నాకు.

పాత అచ్చు పుస్తకాలను మాత్రమే సాక్ష్యంగా తీసుకునేవారికి ఇంకో మాట. సైన్యం కార్యదర్శి విలియం క్లార్క్ రాసుకున్న ఆ చర్చ ఆక్స్‌ఫర్డ్ కళాశాల గ్రంథాలయంలో చేతిరాతగానే ఉండిపోయి 1891లో అచ్చయింది. అడిసన్ ఫ్రీహోల్డర్‌ను రెండు శతాబ్దాలు చదివారు, రెయిన్‌స్‌బరోను ఎవరూ చదవలేదు. అయితే అచ్చులో బొత్తిగా లేరనీ కాదు. సామాన్యుల హక్కుల కోసం పోరాడిన జాన్ లిల్‌బర్న్ కరపత్రాలు ఉన్నాయి. సర్రేలో సెయింట్ జార్జ్ కొండ మీద 1649 ఏప్రిల్‌లో బంజరు తవ్వి విత్తనాలు వేసిన జెరార్డ్ విన్‌స్టన్లీ పుస్తకాలు ఉన్నాయి. అతనైతే ఓటు దాకా పోడు, భూమిని కొనడం అమ్మడమే దోపిడీ అంటాడు. పుస్తక వ్యాపారి జార్జ్ థామసన్ 1640 నుంచి 1661 వరకు దాదాపు 22,000 కరపత్రాలూ పత్రికలూ ఏరి దాచబట్టి ఆ కాలపు రాతలు ఇన్ని మిగిలాయి.

శిస్తులెక్క:
మన వైపు కూడా ఒక మాట. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇరవై అయిదో రెగ్యులేషన్ పెట్టి ఉత్తర సర్కారుల్లో జమీందార్లను భూమికి యజమానులుగా ప్రకటించినప్పుడు, కంపెనీ దొరల బుర్రల్లో ఉన్నది ఈ ఇంగ్లండు నమూనాయే: హక్కు స్థిరపడితే యజమాని భూమిని బాగుచేస్తాడు, రాజ్యానికి అండగా ఉంటాడు అని. హవేలీ భూములను, అంటే జమీందార్ల కింద లేని సర్కారు భూములను, ముఠాలు అనే చిన్న ఎస్టేట్లుగా కోసి వేలం వేశారు కూడా. సాగు చేసే రైతు హక్కు ఏమిటన్నది గాలిలో ఉండిపోయింది.

కరణంగారి మనవడు:
శిస్తులెక్క గారూ, ఆ దొరల్లోనే థామస్ మన్రో దత్త మండలాల్లో రైతు పేరునే శిస్తు కట్టాడు కదా. ఇంగ్లండు పుస్తకాలు చదివినవాళ్లంతా ఒకే నిర్ణయానికి రాలేదు. దీని మీద విడిగా చర్చ పెట్టండి, వస్తాను.

పాతకాగితం:
వానకోయిల గారు అచ్చు సంగతి ఎత్తారు కాబట్టి ఒక వింత చెబుతాను. ఈ తలుపులోని మోసాన్ని సమకాలికుల్లో గట్టిగా పట్టుకున్నవారిలో ఒకడు రాజు పక్షం మనిషి. 1648లో ‘ఫ్రీహోల్డర్ల మహా విచారణ’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం వచ్చింది. రాబర్ట్ ఫిల్మర్ రాసిందని ఎక్కువమంది అంటారు, కాదనేవారూ ఉన్నారు. అందులో వాదన ఏమిటంటే, కామన్స్‌ను ఎన్నుకునేది ఫ్రీహోల్డర్లు మాత్రమే అయితే ఆ సభ ప్రజలందరి తరఫునా ఎలా మాట్లాడుతుంది? పైగా రాజు పంపిన పిలుపులో ఆ సభ్యులను రమ్మన్నది చెప్పింది చేయడానికీ ఒప్పుకోవడానికీ తప్ప సలహా ఇవ్వడానికి కాదు అంటాడు. ముప్పై ఏళ్ల తరువాత రాజుకూ పార్లమెంటుకూ మళ్లీ రగిలినప్పుడు అదే పుస్తకాన్ని మళ్లీ అచ్చువేశారు.

కరణంగారి మనవడు:
అతనికి కావలసింది పేదవాడి ఓటు కాదు, సభ నోరు మూయించడం. ఆ సాక్షిని మీ పక్షాన నిలబెట్టుకుంటారా?

పాతకాగితం:
సాక్షి దురుద్దేశంతో వచ్చినా చూసింది నిజమే అయితే తీసుకుంటాను. అతను నచ్చకపోతే 1832 చట్టాన్నే తీసుకోండి. కాపీహోల్డర్లకు అందులో ఓటు వచ్చింది, 10 పౌండ్ల రాబడి ఉంటే. ఓటరు మగవాడే కావాలని చట్టంలో మొదటిసారి రాసిందీ అప్పుడే. దానికి చాండోస్ అనే టోరీ భూస్వామి ఒక సవరణ తెచ్చి నెగ్గించుకున్నాడు: ఏడాదికి 50 పౌండ్ల కౌలు కట్టేవాడికి, ఏ గడువూ లేకుండా యజమాని ఇష్టం ఉన్నన్నాళ్లే భూమిలో ఉండేవాడికి కూడా ఓటు ఇవ్వాలని. వెళ్లగొట్టడానికి వీలున్న మనిషంటే అతనే. అప్పటికి రహస్య ఓటు ఇంకా 40 ఏళ్ల దూరంలో ఉంది. స్వాతంత్ర్యం లేనివాడికి ఓటు కూడదని తరాల తరబడి అచ్చువేసిన భూస్వాముల వర్గమే, ఆ ఓటు తమ పెట్టెలో పడుతుందని తెలిసి అతణ్ణి లోపలికి పిలిచింది. దీనికి మీ జవాబేమిటో చెప్పండి, షెరీఫ్ తీరిక సంగతి కాకుండా.