స్పోర్ట్స్ కారు విశాఖ రోడ్ల మీద లీటరుకు నిజంగా ఎంత ఇస్తుంది?

రెండు సీట్ల బండి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాను. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, బరువు 1,600 కిలోల చిల్లర. ఇల్లు ఎంవీపీ కాలనీ, ఉద్యోగం గాజువాకలో. మద్దిలపాలెం, ఎన్ఏడీ కొత్త రోడ్డు, షీలానగర్ మీదుగా ఒక వైపు 19 కిలోమీటర్లు. ఉదయం తొమ్మిదికి బయలుదేరితే 55 నిమిషాలు పడుతోంది. డ్యాష్‌బోర్డు లెక్క ప్రకారం ఈ దారిలో లీటరుకు 7.1 కిలోమీటర్లే వస్తోంది. పోయిన నెల శ్రీకాకుళం వెళ్లి వచ్చినప్పుడు అదే కారు 13.4 చూపించింది. కాగితాల్లో రాసి ఉన్న అంకె 12 పైనే.

సర్వీసు వారు కంప్యూటరు తగిలించి చూసి, లోపమేమీ లేదని పంపించేశారు. పెట్రోలు ఖర్చుకు భయపడేవాణ్ణయితే ఈ కారు కొనేవాణ్ణే కాదు. కానీ బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఆపిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి అడిగే మొదటి ప్రశ్న "లీటరుకు ఎంతిస్తుందండీ?" అన్నదే కాబట్టి, చెప్పడానికి నా దగ్గర ఒక నిజమైన అంకె ఉండాలనిపిస్తోంది. 7 సరైనదా, 13 సరైనదా? ఇంత తేడా సహజమేనా?

పాత మెకానిక్:

మీరు చెప్పినదాన్ని బట్టి కారులో లోపం లేదు. మీరు చూడవలసినది మైలేజీని కాదు, తెర మీద దాని పక్కనే కనిపించే సగటు వేగాన్ని. 19 కిలోమీటర్లకు 55 నిమిషాలంటే గంటకు 21 కిలోమీటర్లు కూడా పడదు. ఆ వేగంలో ఏ పెద్ద ఇంజిన్ అయినా అంతే తాగుతుంది.

లెక్క వేసి చూపిస్తాను. మీతో కలిపి కారు బరువు 1,700 కిలోలనుకోండి. నిలిచి ఉన్న ఆ బరువును 50 కిలోమీటర్ల వేగానికి తీసుకురావడానికి, పెట్రోలులోని శక్తిలో ఐదో వంతు చక్రాలకు చేరుతుందని కాస్త ఉదారంగానే అనుకున్నా, దాదాపు 25 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది. తర్వాతి సిగ్నల్ దగ్గర బ్రేకు ఆ వేగాన్నంతా వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది. మద్దిలపాలెం నుంచి గాజువాక వరకు ఆటోలు, పోర్టు లారీలు, బస్సుల మధ్య ముప్పై సార్లు ఇలా ఆగి కదిలితే ముప్పావు లీటరు పోయినట్టే. ఏసీ వేసి ఊరికే నిలబడినా ఇలాంటి ఇంజిన్ గంటకు లీటరుంపావు, ఒక్కోసారి లీటరున్నర తాగుతుంది కాబట్టి, దారి మొత్తంలో పదిహేను నిమిషాలు ఆగితే మరో మూడో వంతు లీటరు. మీ 7.1 ప్రకారం ఒక వైపు ప్రయాణానికి 2.7 లీటర్లు అవుతోంది. అందులో లీటరుకు పైగా ఆగి ఉండటానికీ, ఆగిన చోటి నుంచి మళ్లీ కదలడానికీ పోతోందన్నమాట.

పెద్ద ఇంజిన్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. సమతలమైన రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంతో స్థిరంగా వెళ్లడానికి మీ కారుకు 15 గుర్రాల శక్తి కూడా అక్కర్లేదు, ఇంజిన్‌లో ఉన్నవేమో 300 పైచిలుకు. అంత తక్కువ పని చేయించుకునేటప్పుడు థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు, దాదాపు మూసే ఉంటుంది కనుక ముక్కు మూసుకుని ఊపిరి పీల్చినట్టు ఇంజిన్ తన గాలి కోసం తానే కష్టపడుతుంది. ఆ కష్టానికయ్యే పెట్రోలు కూడా మీ ఖాతాలోదే.

కాగితం మీద అంకె సంగతి. మన దేశంలో ఆ పరీక్షను రోడ్డు మీద చేయరు, ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి చేస్తారు. మొత్తం దూరం పది కిలోమీటర్లకు కొంచెం పైన. అందులో సిగ్నళ్ల నడకలాంటి నెమ్మది భాగం నాలుగు కిలోమీటర్లే, మిగిలినది హైవే నడక, అదీ 90 దాటదు. మీ రోజులో ఆ నాలుగు కిలోమీటర్లే పంతొమ్మిదయ్యాయి.

ఇక డ్యాష్‌బోర్డును పూర్తిగా నమ్మకండి, చాలా కార్లలో అది కొంచెం ఎక్కువ చేసి చెబుతుంది. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, గన్ మొదటిసారి ఆటో కట్ అయ్యేదాకా నింపించి ట్రిప్ మీటరు సున్నా చేయండి. బంకు కుర్రాడు "ఇంకో వంద రూపాయలకు రౌండ్ చేస్తాను సార్" అన్నా వద్దనండి. అలా మూడు ట్యాంకుల లెక్క కలిపి చూడండి, ఒక్క ట్యాంకుతో తేలదు.

ఘాట్ రోడ్డు:

మా బావగారి దగ్గర మస్టాంగ్ జీటీ ఉంది, మన దేశంలో అమ్మిన అయిదు లీటర్ల ఎనిమిది సిలిండర్లది. సిరిపురం, జగదాంబ ప్రాంతాల్లో తిప్పితే లీటరుకు 5 వస్తే గొప్ప, హైవేలో 10 దాకా వస్తుంది. కాబట్టి మీ 7.1 విని ఆయన అసూయపడతారు.

పై మిత్రులు కొండల సంగతి వదిలేశారు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. మీ కారును అంత ఎత్తుకు మోయడానికే లీటరున్నర అదనంగా పడుతుంది, నెమ్మదిగా ఎక్కినా వేగంగా ఎక్కినా ఈ భాగం తగ్గదు. దిగేటప్పుడు మాత్రం గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే ఇంజిన్‌కు పెట్రోలు సరఫరానే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో దింపితే ఆదా అన్న పాత నమ్మకం మాత్రం ఇంకా పోలేదు; ఇంజిన్ ఆగిపోకుండా తిరగడానికి అప్పుడు పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది, పైగా భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

మల్కాపురం:

మీ పాత అంకెలకూ ఇప్పటి అంకెలకూ తేడా వస్తే పెట్రోలును కూడా లెక్కలోకి తీసుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే కనుక, ఏమీ కలపని పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం, ఇదివరకటి పది శాతం మిశ్రమంతో పోలిస్తే మూడు శాతానికి కొంచెం పైన తగ్గుతుంది. ఖరీదైన 100 ఆక్టేన్ పోయిస్తే మైలేజీ పెరుగుతుందనుకోకండి. ఆక్టేన్ అంటే ఇంజిన్‌లో నాకింగ్‌ను (పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే మండి ఇంజిన్ టకటకమని కొట్టుకోవడాన్ని) తట్టుకునే గుణం, శక్తి పరిమాణం కాదు. ట్యాంకు మూత లోపల ఏ ఆక్టేన్ వాడమని రాసి ఉందో అది పోయిస్తే చాలు. ఊళ్లోనే రిఫైనరీ ఉన్నా పెట్రోలు ధర దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఆ బాధ వేరే.

రెండు సీట్ల బండి:

అందరికీ ధన్యవాదాలు. మూడు ట్యాంకుల లెక్క పూర్తయింది: 846 కిలోమీటర్లు, 129.3 లీటర్లు, అంటే లీటరుకు 6.54. డ్యాష్‌బోర్డు మాత్రం ఇప్పటికీ 7.1 అంటోంది. ఆ మధ్యలోనే టైర్లలో గాలి చూపిస్తే, డోరు పక్కన అంటించిన కాగితంలో రాసినదానికన్నా ఆరు పాయింట్లు తక్కువగా ఉంది, అది సరిచేయించాను.

పోయిన వారం నుంచి ఉదయం ఏడింటికే బయలుదేరుతున్నాను. అదే దారి 34 నిమిషాల్లో అయిపోతోంది, సగటు వేగం 33, డ్యాష్‌బోర్డు 9.6 చూపిస్తోంది, అది ఎక్కువ చేసి చెప్పేది తీసేస్తే 8.8 దగ్గర ఉంటుంది. గాలి వల్ల ఎంత, ఖాళీ రోడ్డు వల్ల ఎంత అన్నది విడదీయలేను కానీ, పాత మెకానిక్ గారు చెప్పినట్టు ఎక్కువ భాగం రోడ్డుదే అనుకుంటున్నాను. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఎన్ఏడీ దగ్గర మళ్లీ పాత కథే. బీచ్ రోడ్డులో అడిగేవారికి ప్రస్తుతానికి "ఊళ్లో ఆరున్నర, హైవేలో పన్నెండు" అని చెబుతున్నాను. విన్నవారిలో సగం మంది నమ్మడం లేదు, మిగిలిన సగం జాలిపడుతున్నారు.